డ్యాంప్ సోఫా వారి రెండో వైపు

ఆ సోమవారం పొద్దున థాడ్ లిండ్‌క్విస్ట్ పెట్టుకున్న పనులు రెండే. తొమ్మిదింటికి హార్డ్‌వేర్ కొట్టు తెరిచేలోగా రెండు టేపు చక్రాల్ని శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లే పోస్టులో వెయ్యాలి. స్కూల్లో పిల్లల్ని దింపి ఖాళీ బస్సుతో తిరిగొచ్చే మార్లా ఫోంటెస్‌ను ఆపి ఒక్క మాట చెప్పాలి. మొదటిది చేతులతో అయ్యే పని కాబట్టి దానికి భయం లేదు. రెండోదానికి నోరు కావాలి. థాడ్‌కు ఇరవై ఆరేళ్లు నిండినా ఆ నోరు అతన్ని అవసరానికి ఆదుకున్న సందర్భం ఒక్కటీ లేదు.

టేపుల్లో ఉన్నది డ్యాంప్ సోఫా అనే బృందం చేసిన మొట్టమొదటి ఆల్బం, టేపుకు ఒక వైపు చొప్పున. బృందంలో ఉన్నది నలుగురు. థాడ్ బేస్ గిటారు వాయిస్తాడు. బస్సు నడిపే మార్లా ట్రాంబోన్, అంటే ముందుకీ వెనక్కీ జరుపుతూ ఊదే పొడుగాటి ఇత్తడి బాకా, వాయిస్తుంది. గిటారు పట్టుకుని అరిచేవాడు ట్రెంట్ గ్యాలివర్. డ్రమ్ములు ఓటోవి. అతను వారానికి రెండు వాక్యాలకు మించి మాట్లాడడు. వీళ్ల సంగీతాన్ని ఫంక్ మెటల్ అంటారు. నడుము ఊపించే దరువునూ చెవులు గింగుర్లెత్తించే గిటారునూ ఒకే గదిలో పెట్టి తలుపేస్తే వచ్చే శబ్దం అది. 1991లో కాలిఫోర్నియా అంతటా కుర్రకారు అదే వాయించేవారు. కానీ పొగమంచు, కలప మిల్లు, పీతల పడవలు తప్ప ఇంకేమీ లేని టర్న్‌బుల్ బేలో, వేరే కాలక్షేపం దొరక్క అది బాగా ముదిరిపోయింది.

ఆల్బం పేరు 'ఆదివారం పీతలకు సెలవు'. ఒక పాట పంటి డాక్టరు కుర్చీ గురించి. ఇంకోటి పీతల్ని ఉడకబెట్టే పద్ధతి గురించి, ఉప్పు కొలతతో సహా. మరోటి మిల్లు సైరన్‌తో ట్రెంట్‌కు ఉన్న వ్యక్తిగత కక్ష గురించి. మధ్యమధ్యలో బాతుల్ని పిలిచే ఈలలు, రంపం చప్పుళ్లు వస్తాయి. రెండో వైపు ఆఖరి పాట మాత్రం థాడ్ రాసుకున్నాడు. అందులో పీతలు లేవు. మార్లాను తనను పెళ్లి చేసుకోమని అడగడమే ఉంది. నాలుగు మాటలు నోటితో చెప్పగలిగిన మనిషైతే అతను పాట దాకా వెళ్లేవాడే కాదు. మార్లా తన బాకా వాయించి బస్సు వేళకు వెళ్లిపోయాక, మిగతా ఇద్దరూ బరీటోలు తినడానికి పోయినప్పుడు చూసి, థాడ్ ఒక్కడే నిలబడి ఆ మాటలు పాడాడు. సాక్షి ఎల్మర్ వైస్ ఒక్కరే.

ఎల్మర్‌కు డెబ్బై ఏళ్లు. మూతబడ్డ ఒక పంటి క్లినిక్‌ను స్టూడియోగా మార్చుకుని చర్చి గాయకుల్ని రికార్డు చేస్తూ జీవితం గడిపారు. థాడ్ పాడటం ముగించాక ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇందులో మాటలు అర్థమవుతున్నాయి. ఒంట్లో బాగానే ఉందా నీకు?" అని అడిగారు.

ఆయన పద్ధతులు ఆయనవి. టేపు చివరిదాకా వాయించాక వెనక్కి చుట్టరు. చివర బయటికి ఉండేలాగే డబ్బాలో పెడతారు. అలా ఉంచితేనే టేపు నాలుగు కాలాలు ఉంటుందట. మళ్లీ వాయించేవాళ్లు ముందు వెనక్కి చుట్టుకోకపోతే పాటలు తిరగబడి వస్తాయి కాబట్టి డబ్బా మీద 'తోక బయట' అని చీటీ అంటిస్తారు. ఆ వృత్తిలో ఉన్నవాళ్లకి ఆ చీటీ చాలు. మొదటి వైపు టేపును ట్రెంట్ మళ్లీ వింటానని వెనక్కి చుట్టించి, ఆకలేసి వినకుండానే లేచిపోయాడు. దానికి చీటీ అక్కర్లేకపోయింది. రెండో వైపు టేపుకు చీటీ ఉంది.

అయితే ఎల్మర్ పాత డబ్బాను పారేసే మనిషి కాదు. రెండో చక్రం పెట్టిన డబ్బా మీద 'లూథరన్ చర్చి గాయకులు, ఈస్టర్' అని పెద్ద అక్షరాలతో ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో రికార్డు అచ్చేసే కంపెనీ వాళ్లు అది చూసి రెండో వైపు చర్చి పాటలు అచ్చేస్తారేమోనని థాడ్‌కు దిగులు పట్టుకుంది. చక్రాన్ని తీసి, ట్రెంట్ పీత బొమ్మ గీసిన కొత్త డబ్బాలో భద్రంగా పెట్టాడు. పాత డబ్బాలో, దాని చీటీతో సహా, అరంగుళం మేకులు పోసి కొట్లో సర్దేశాడు.

జాగ్రత్తపరుడికి ఒక జాగ్రత్త సరిపోదు కదా. కిందటేడు వీళ్లు పంపిన క్యాసెట్‌ను నగరంలో నకళ్లు తీసే పెద్దమనిషి, బాతుల ఈలలు యంత్రం లోపమనుకుని ఒక్కొక్కటీ ఓపిగ్గా తుడిచేసి, మర్యాదస్తుల పాటలుగా మార్చి పంపాడు. ఈసారి ఆ అన్యాయం జరగకూడదని థాడ్ టేపులతో పాటు ఒక ఉత్తరం పెట్టాడు. 'ఎలా వినిపిస్తే అలాగే ఉంచండి. మీకు తప్పుగా వినిపించినదే మాకు ఒప్పు. దయచేసి ఏదీ బాగుచేయకండి.' ఆఖరి వాక్యం కింద రెండు గీతలు గీశాడు.

పోస్టు పని అయ్యాక రోడ్డు మలుపులో నిలబడి చెయ్యెత్తాడు. పసుపుపచ్చ బస్సు ఆగింది. తలుపు తెరిచి మార్లా చూసింది.

"రికార్డు వచ్చాక రెండో వైపు ఆఖరి పాట విను. ఒక్కదానివే ఉన్నప్పుడు," అన్నాడు థాడ్, బస్సు టైరు వైపు చూస్తూ.

"అది నేను వాయించిందే కదా."

"వాయించావు. మాటలు వినలేదు."

"మన పాటల్లో మాటలు కూడా ఉంటాయా?"

"దాన్లో ఉన్నాయి. విన్నాక నాకు జవాబు చెప్పాలి."

మార్లా అతన్ని ఒక క్షణం పరిశీలనగా చూసి, సరేనంది. ఆమెకు కొంత అర్థమైంది. మూడేళ్లుగా థాడ్ తన ట్రాంబోన్ పెట్టె మోస్తున్నాడు, ఎవరూ మొయ్యమనకుండానే.

శాన్‌ఫ్రాన్సిస్కోలో టేపు వింటూ అచ్చు డిస్కు మీద పాట గాడి కోసే నార్మన్‌కు ఆ పనిలో ముప్ఫై ఏళ్ల అనుభవం. రెండో టేపు మొదలుపెట్టగానే అది వెనక నుంచి వస్తోందని అతనికి తెలిసిపోయింది. ఆపబోయాడు. ఎందుకైనా మంచిదని ఉత్తరం మళ్లీ చదివాడు. రెండు గీతలు చూశాడు. కంపెనీ యజమానికి ఫోన్ చేస్తే ఆయన, వాళ్లు అలాంటివాళ్లేనయ్యా, ఉన్నది ఉన్నట్టు కొయ్యి అన్నాడు. నార్మన్ ఇష్టం లేకుండానే, ఎంతో నాణ్యంగా, రెండో వైపంతా తిరగేసి కోశాడు.

ఆరు వారాలకు రికార్డుల పెట్టెలు, క్యాసెట్లు ఓటో వాళ్ల షెడ్డుకు వచ్చాయి. మార్లా బాస్కెట్‌బాల్ జట్టును పొరుగూరు తీసుకెళ్లి ఉంది. ఆమె క్యాసెట్ ఆమెకు పక్కన పెట్టి మిగతా ముగ్గురూ రికార్డు వేసుకుని కూచున్నారు. మొదటి వైపు అయ్యేసరికి ట్రెంట్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తర్వాత రెండో వైపు మొదలైంది. ఎవరో నీళ్లలో మునిగి నూడుల్స్ మింగుతున్నట్టు గొంతు, గోడలోకి పీల్చుకుపోతున్నట్టు గిటారు. చివరికి ఓటో తన వారపు కోటాలోంచి ఒక వాక్యం ఖర్చు పెట్టాడు.

"నేను కొట్టకముందే మోగుతోంది."

థాడ్‌కు మేకుల డబ్బా గుర్తొచ్చింది. ముఖం సున్నం కొట్టినట్టయింది. జరిగింది చెప్పి, ఇప్పుడే ఫోన్ చేసి రికార్డులు ఆపించమని ట్రెంట్‌ను తొందరపెట్టాడు. ట్రెంట్ ఫోన్ దగ్గరికి వెళ్తుండగానే అది మోగింది. అవతల కంపెనీ యజమాని ఆనందంతో ఊగిపోతున్నాడు. నగరంలోని వారపత్రికలో విమర్శ వచ్చిందట. 'మొదటి వైపు సరదాగా ఉంది. రెండో వైపు మాత్రం కాలాన్నే ఎదురీదిన మహాసాహసం. పాటల వరసను సైతం తిరగేసిన ఈ దార్శనికులు ఎవరు?' ఈ ఆలోచన ఎవరిదని యజమాని అడిగాడు. ట్రెంట్ థాడ్ వైపు చూశాడు. పొగడ్త వస్తుంటే కాదనగలిగిన మనిషి కాదు ట్రెంట్.

"మా థాడ్‌దేనండీ. నెలల తరబడి దాని మీదే ఉన్నాడు," అని ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత వారం పత్రికలో థాడ్ ఫొటోతో పాటు అతని ఉత్తరం కూడా అచ్చయింది, రెండు గీతలతో సహా.

ఈ లోపల మార్లా మాట నిలబెట్టుకుంది. పిల్లలంతా దిగిపోయాక ఖాళీ బస్సును సముద్రం పక్కన ఆపి, రెండో వైపు ఆఖరి పాట ఒంటరిగా విన్నది. ఒకరోజు కాదు, రెండు రోజులు. వైపు మొత్తం తిరగబడింది కాబట్టి ఆఖరి పాట మొదటికి వచ్చిందనీ, తను వింటున్నది తిరగబడ్డ పంటి డాక్టరు కుర్చీ అనీ ఆమెకు తెలియదు. మూడో రోజు ఓపిక పట్టలేక, పిల్లలు బస్సులో ఉండగానే ఆ వైపు మొదటి నుంచీ పెట్టింది. అప్పుడూ ఏమీ తేలలేదు. ఆ సాయంత్రమే ఆమె చేతికి పత్రిక వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె హార్డ్‌వేర్ కొట్లోకి వచ్చి, పత్రికను గల్లాపెట్టె మీద పరిచింది.

"రెండు రోజులు చలిలో కూచుని విన్నాను థాడ్. ఏదో చెబుతావనుకున్నాను. నా ట్రాంబోన్‌ని తిరగేసి ఏనుగు తుమ్మినట్టు చేశావు. ఒక్క మాట అడిగావా నన్ను?"

"కావాలని కాదు. డబ్బా మార్చాను. పొరపాటున..."

"పొరపాటైతే పేపర్లో ఫొటో ఎందుకేశారు?"

దానికి థాడ్ దగ్గర నిజంగా మంచి జవాబుంది. కానీ అది చెప్పాలంటే ఆఖరి పాట సంగతి చెప్పాలి. పాట సంగతి చెప్పాలంటే పాటలో ఉన్నది చెప్పాలి. కొట్లో ఇద్దరు జాలర్లు తాళ్లు బేరమాడుతున్నారు. అతను నోరు తెరిచి, జాలర్లకు తాళ్ల ధర చెప్పాడు.

"జవాబు అడిగావుగా. ఇదే నా జవాబు. వేరే ట్రాంబోన్‌ని చూసుకోండి," అని మార్లా వెళ్లిపోయింది.

ఇది ఇక్కడితో ఆగితే అతనొక్కడి ఏడుపుతో పోయేది. కానీ బస్సులో విన్న ఆ ఒక్కసారికే పిల్లలకు మొదటి పాట నోటికి పట్టేసింది. ఏ భాషా కాని ఆ శబ్దాలు వాళ్లకు లడ్డూ దొరికినట్టయ్యాయి. వారం తిరిగేసరికి బస్సంతా ఏకకంఠంతో అదే పాడుతోంది. థాడ్ అడిగిన ప్రశ్ననే పాతికమంది పిల్లలు వెనక నుంచి ముందుకు మార్లాను రోజుకు రెండుసార్లు అడుగుతున్నారని ఎవరికీ తెలియదు. ఆమె తల పట్టుకుని బస్సు నడిపింది.

ఆ పిల్లల్లో కెర్స్టిన్ ఆర్డ్‌మన్ అనే ఎనిమిదేళ్ల పిల్ల ఉంది. రాత్రి భోజనానికి ముందు ప్రార్థన చెప్పమంటే, కళ్లు మూసుకుని భక్తిగా ఆ పాట అందుకుంది. తల్లి బియట్రిస్ చేతిలోని గరిటె జారింది. ఆవిడ తల్లిదండ్రుల సంఘానికి అధ్యక్షురాలు. పైగా కిందటి నెలే రెడింగ్ పట్టణంలో ఒక ఉపన్యాసానికి వెళ్లొచ్చింది. రాక్ రికార్డుల్లో సైతాను మాటలు దాచిపెడతారనీ, వెనక నుంచి తిప్పి వింటే బయటపడతాయనీ అక్కడ చెప్పారు. ఆ రోజుల్లో ఆ భయం లేని తల్లి ఆ తీరంలో అరుదు. మర్నాటికల్లా స్కూలు వారు మార్లాను బస్సు దింపేశారు. గురువారం సాయంత్రం ఐదింటికి భోజనశాలలో సభ. రికార్డును వెనక నుంచి వింటారు. అందులో సైతాను మాటలు లేవని తేలితేనే ఆమె ఉద్యోగం ఉంటుంది. ఊళ్లో అలా వినిపించగల యంత్రం ఉన్నది ఒక్క ఎల్మర్ దగ్గరే కాబట్టి ఆయన్నే పిలిచారు.

సంగతి థాడ్ చెవిన పడింది. తిరగబడ్డ రికార్డును తిరగేస్తే వచ్చేది ఏమిటో ఊరందరిలోకీ అతనికే తెలుసు. వినిపించకపోతే మార్లా ఉద్యోగం పోతుంది. వినిపిస్తే, తను మూడేళ్లుగా ఆమెతో చెప్పలేనిది ఎనభైమంది తల్లిదండ్రులు కాఫీ తాగుతూ వింటారు. ఆమె ముందే కాదనేసింది కూడా.

గురువారం భోజనశాల నిండిపోయింది. వెనక వరసలో మార్లా చేతులు కట్టుకుని కూచుంది. ట్రెంట్, ఓటో నిమ్మకాయ కేకుల బల్ల దగ్గర చేరారు. ఎల్మర్ రికార్డు రెండో వైపును ముందే టేపుకెక్కించి, దాన్ని తోక బయట ఉంచి తెచ్చారు. ఈసారి కావలసింది అదే. ఆయన టేపు ఎక్కిస్తుండగా థాడ్ లేచాడు.

"అందులో సైతాను లేడండీ. పొరపాటున వెనక నుంచి అచ్చయింది. తిప్పి వింటే మామూలు పాటలే."

"మంచిదే కదా. అయితే వింటే సరిపోతుంది," అంది మిసెస్ ఆర్డ్‌మన్.

"వినకపోయినా ఫరవాలేదండీ. అవసరమైతే నేను రాసిస్తాను."

అంతవరకూ ఇంటికెళ్దామా అని చూస్తున్న తండ్రులు కూడా ఆ మాటతో కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు.

యంత్రం తిరిగింది. పది క్షణాలు గడవకముందే ఎల్మర్ చెయ్యెత్తారు. "ఇది వెనక నుంచి కాదు. నేను రికార్డు చేసింది ఇలాగే. తోక బయట అని చీటీ పెట్టాను, ఏం చేశారు దాన్ని?" అన్నారు. థాడ్ మేకుల గురించి చెప్పబోయాడు గానీ ఎవరికీ పట్టలేదు. అందరూ పంటి డాక్టరు కుర్చీలో మునిగిపోయి ఉన్నారు. మిసెస్ ఆర్డ్‌మన్ ఒక్కో మాటా పుస్తకంలో ఎక్కించుకుంది. పీతల పాట దగ్గర ఒక జాలరి లేచి, అంత ఉప్పు వేస్తే ఎవడు తింటాడని గట్టిగా ఆక్షేపించాడు. దాని మీద పావుగంట చర్చ నడిచింది. సైరన్ పాటకు మిల్లు కార్మికులు చప్పట్లు కొట్టారు. సైతాను జాడ లేదు. జనం కోట్లు తొడుక్కోవడం మొదలుపెట్టారు. థాడ్ ప్రాణం కొద్దికొద్దిగా కుదుటపడుతోంది.

"ఇంకొక్కటే ఉంది," అంది మిసెస్ ఆర్డ్‌మన్. "పిల్లలు పాడేది ఇదే. ఇది కూడా కానివ్వండి."

రంపం చప్పుడు వచ్చింది. దాని వెనక బేస్ గిటారు మెల్లిగా. తర్వాత థాడ్ గొంతు, అతను ఎన్నడూ ఎవరి ముందూ వాడని గొంతు. 'మార్లా, నీ బస్సు మలుపు తిరిగితే నేను తూచే మేకుల లెక్క తప్పుతుంది. నాకు మాట్లాడటం రాదు. మిల్లు సైరన్ మోగేటప్పుడు మూడుసార్లు చెప్పాను, నీకు వినపడదనే ధైర్యంతో. సైరన్ ఆగాక చెబుతున్నాను. నన్ను పెళ్లి చేసుకుంటావా?' దాని చివర మార్లా ట్రాంబోన్ అందుకుని, తిన్నగా, తీయగా పైకి వెళ్లి ఆగింది. ఆ పాటలోని ట్రాంబోన్‌ను సరైన దిక్కులో ఆ ఊరు వినడం అదే మొదలు.

మిసెస్ ఆర్డ్‌మన్ పెన్సిలు గాల్లో ఆగిపోయింది. థాడ్ నేల వైపు చూస్తూ, ఈ క్షణం నేల విచ్చుకుంటే దిగిపోదామన్నంత సిగ్గుతో నిలబడ్డాడు. వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది.

"ఎల్మర్ గారూ, అది ఇంకోసారి వెయ్యండి," అంది మార్లా.

ఆయన వేశారు. ఆమె నిలబడే విన్నది. అయ్యాక కుర్చీల మధ్య నుంచి నడిచి థాడ్ ఎదురుగా వచ్చింది.

"కొట్లో ఆ రోజు చెప్పాల్సింది ఇదా?"

అతను తలూపాడు.

"ఊపడం కాదు. నోటితో చెప్పు. టేపు లేకుండా."

థాడ్ చెప్పాడు. చెవిలో చెప్పినట్టు చెప్పాడు.

"గట్టిగా. వెనకవాళ్లకి వినపడలేదు."

మళ్లీ చెప్పాడు. ఈసారి వంటగది దాకా వినపడింది. మార్లా అతని కాలరు సర్ది, సరేనంది. ట్రెంట్ ఏడుస్తూ ఓటో భుజం మీద వాలాడు. ఓటో ఆ వారపు రెండు వాక్యాలనూ దాచుకున్నాడు.

కంపెనీ రెండో ముద్రణలో తప్పు దిద్దింది. నగరంలోని విమర్శకుడు అది విని, ఈ బృందం జనానికి భయపడి పాటల్ని ముందు నుంచి వాయించే స్థాయికి దిగజారిందని రాశాడు. టర్న్‌బుల్ బేలో మాత్రం వ్యవహారం తల్లిదండ్రుల సంఘం పుస్తకంలో, మిసెస్ ఆర్డ్‌మన్ గుండ్రటి చేతిరాతలో ముగిసింది: 'రికార్డును తిప్పి వినగా అందులో రహస్య సందేశం ఉన్నట్టు రుజువైంది. పిల్లలకు ప్రమాదం లేదు. డ్రైవరు ఒప్పుకుంది.'